కేకవేసే అక్షరం

అచ్చక్షరాలలో చదువుటకు పుట్టినవి కొన్ని, చూచుటకు పుట్టినవి కొన్ని. మొదటి జాతి అక్షరం పాఠకుని కంటికి అడ్డు రాకుండా అర్థాన్ని లోపలికి పంపి తాను తప్పుకొంటుంది. నవల చదువుతున్నవాడు కథను విడిచి అక్షరాల ఒంపుసొంపులను గమనించినాడంటే ఆ అక్షరం తన ధర్మం తప్పినదనవలె. రెండవ జాతి ధర్మం ఇందుకు పూర్తిగా విరుద్ధం. అది గోడమీద నిలిచి దారిన పోయేవానిని ఆపవలె. అంగడి ముందు వ్రేలాడే పత్రిక మొదటి పుటనుండి, కొనే ఉద్దేశం లేనివాని తలనైనా తనవైపు త్రిప్పవలె. రెండు మూడు మాటలతోనే దాని పని ముగుస్తుంది. ఆ రెండు మూడు మాటలూ కేకవలె వినబడవలె.

ఇట్టి అక్షరాలలో ఒకటి 'ఇంపాక్ట్'. బొద్దుగా, ఇరుకుగా, ఒకదానినొకటి ఒరసికొని నిలిచే ఇంగ్లీషు అక్షరాల వరుస అది. నేటి కంప్యూటర్లలో చాలావాటిలో అది కొన్ననాటినుండే ఉంటుంది. ఇంటర్నెట్టులో తిరిగే హాస్యచిత్రాలను ఒక్కసారి చూచినవాడు కూడ దానిని చూచియే ఉంటాడు. అయినా దాని పేరెరిగినవారు తక్కువ. దానిని గీసిన మనిషి పేరెరిగినవారు మరీ తక్కువ. ఆయన పేరు జెఫ్రీ లీ. ఇంగ్లండులో ప్రకటనల రూపకల్పనకు నిర్దేశకుడుగా పనిచేసినవాడు. 1965లో షెఫీల్డు నగరంలోని స్టీఫెన్సన్ బ్లేక్ అనే అక్షరాల పోతశాల ఆయన గీసిన అక్షరాన్ని లోహంలో పోసి అమ్మకానికి పెట్టినది.

అక్షరానికి వంశచరిత్ర ఏమిటని అనిపించవచ్చును. కాని ఈ అక్షరం వంశం చాల చిత్రమైనది.

పుస్తకాలలో కనబడే రోమను అక్షరాలకు గీత ముగిసే చోటనెల్ల చిన్న పాదం వంటి కొస ఉంటుంది. ప్రాచీన రోమక శిలాశాసనాలనుండి వచ్చిన అలవాటు అది. దానిని 'సెరిఫ్' అంటారు. ఆ కొసలను తీసివేసి, గీతను గీతగానే తెగగొట్టితే వచ్చేది 'సాన్ సెరిఫ్', అనగా కొసలు లేని అక్షరం. 1816లో లండనులో నాలుగవ విలియం కాస్లన్ అనే అక్షరాల పోతదారు తన నమూనా పుస్తకంలో ఇట్టి అక్షరాలను ఒక చోట చూపినాడు. అన్నీ పెద్ద అక్షరాలే, ఒకటే పరిమాణం. ఆ నమూనాలో ఉన్న మాటలు కూడ ఆయన పేరూ, ఆయన వృత్తీ మాత్రమే. దానికి 'ఈజిప్షియన్' అని పేరు పెట్టినాడు. నెపోలియన్ దండయాత్ర తరువాత యూరపులో ఈజిప్టు పేరు చెప్పితే చాలు, అది వేడుక అయిన కాలమది. అచ్చు టైపులో కొసలు లేని రోమను అక్షరం కనబడుట అదే మొదలని చరిత్రకారుల నిర్ణయం. చేసినవాడు మాత్రం దానిని గొప్పగా చాటుకొన్న జాడ లేదు. మూడేండ్లు గడిచేసరికి, 1819లో, తన పోతశాల సరంజామా అంతా షెఫీల్డులోని ఒక సంస్థకు అమ్మివేసినాడు. ఆ సంస్థయే కాలక్రమాన స్టీఫెన్సన్ బ్లేక్ అయినది. కొసలు లేని మొదటి అక్షరం ఎవరి అలమారలోనికి చేరినదో, సుమారు ఒకటిన్నర శతాబ్దం గడచిన పిదప వారి కొలిమినుండే ఇంపాక్ట్ వెలువడినది.

పేర్ల సంగతి కూడ ఇక్కడ చెప్పవలె. 1832లో విన్సెంట్ ఫిగ్గిన్స్ అనే మరొక పోతదారు 'సాన్ సెరిఫ్' అన్న మాటను వాడుకలోనికి తెచ్చినాడు. అదే దశాబ్దంలో విలియం థోరోగుడ్ తన అక్షరానికి 'గ్రోటెస్క్' అని పేరు పెట్టినాడు. ఆ మాటకు వికృతమని అర్థం! పెద్దమనుషుల పుస్తకాలకు అలవాటుపడిన కంటికి ఆ బోడి అక్షరం వికారంగానే తోచి ఉంటుంది. విచిత్రమేమంటే జర్మనులు ఆ పేరునే స్థిరపరచుకొన్నారు. వారి భాషలో కొసలు లేని అక్షరాన్ని నేటికీ గ్రోటెస్క్ అనియే వ్యవహరిస్తారు.

ఇక ఈ అక్షరం ఇరుకైనదెందుకు? దీనికి సౌందర్యశాస్త్రంలో వెదకవలసిన పని లేదు, లెక్కలోనే సమాధానమున్నది. ఇరవై అంగుళాల వెడల్పు గల కాగితంమీద పది అక్షరాల మాట ఒకటి అచ్చువేయవలెననుకొందాం. ఒక్కొక్క అక్షరానికి రెండంగుళాల చోటు వస్తుంది. వెడల్పూ ఎత్తూ ఇంచుమించు సమానంగా ఉన్న అక్షరమైతే దాని ఎత్తు కూడ రెండంగుళాలే. వెడల్పుకు మూడింతలు ఎత్తున్న అక్షరమైతే అదే మాట, అదే కాగితంపై ఆరంగుళాల ఎత్తున నిలుస్తుంది. కాగితం వెడల్పు యజమాని ఇష్టం కాదు, మాట పొడవు రచయిత ఇష్టం కాదు. ఎత్తు ఒక్కటే అచ్చుపనివాని చేతిలో ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దపు నగరాలలో సబ్బులవారు, మాత్రలవారు, సర్కసులవారు, రైలు కంపెనీలవారు ఒకే గోడకై పోటీపడినప్పుడు ఆ ఎత్తుకై వెంపర్లాట మొదలైనది.

అంత పెద్ద అక్షరాలను సీసంలో పోయుట కష్టం. బరువు ఎక్కువ, ఖర్చు ఎక్కువ. పోత చల్లారేటప్పుడు ముఖం సమంగా రాదు. అందుచేత కొయ్య అక్షరాలు వచ్చినవి. న్యూయార్కులో డేరియస్ వెల్స్ అనునతడు 1828లో కొయ్య అక్షరాల నమూనా పుస్తకాన్ని ప్రకటించినాడు. 1834లో విలియం లెవెన్‌వర్త్ ఒక నమూనాను చూచి మరొక కొయ్యపై అదే ఆకారాన్ని చెక్కే పాంటోగ్రాఫు యంత్రాన్ని ఈ పనికి కుదిర్చినాడు. దానితో ఒకే అక్షరాన్ని కావలసినంత పెంచవచ్చు, తగ్గించవచ్చు, సాగదీయవచ్చు, నొక్కవచ్చు. ఆ స్వేచ్ఛవలన వచ్చిన అనర్థం కూడ ఉన్నది. దాని ప్రస్తావన మరల వస్తుంది.

తరువాత పోస్టర్ల అక్షరం పత్రికలలోనికి నడిచినది. పత్రికకు గోడకన్న ఇరుకైన కాలములు ఉన్నవి గదా! అమెరికను టైప్ ఫౌండర్స్ అనే సంస్థకు మోరిస్ ఫుల్లర్ బెంటన్ 1903లో 'ఆల్టర్నేట్ గోథిక్' అనే అక్షరాన్ని గీసినాడు. ఒకే ముఖం, మూడు వెడల్పులు. శీర్షిక కాలములో ఇమడకపోతే మాట మార్చనక్కరలేదు, వెడల్పు మార్చితే చాలునన్నది అందులోని సౌకర్యం. ఒక శతాబ్దం తరువాత యూట్యూబు తన మొదటి చిహ్నానికి ఆ కుటుంబంలోని రెండవ వెడల్పునే ఎన్నుకొన్నది. ఇంగ్లీషు పత్రికాలయాలలో అన్నిటికన్న పెద్ద టైపుకు ఒక పరిహాసనామం ఉండేది: 'రెండవ రాకడ' టైపు. ఏసుక్రీస్తు మరల భూమికి దిగివచ్చిన వార్త వస్తే తప్ప దానిని కేసులోనుండి తీయరాదని భావం. నవ్వులాటగా చెప్పిన ఆ మాటలో వృత్తిధర్మమొకటి ఉన్నది. కేకను దాచుకోవలె, ఊరక వేసిన కేకకు తరువాత ఎవరూ పలుకరు.

1950 తరువాత యూరపులో ఈ జాతి అక్షరానికి క్రొత్త ప్రాణం వచ్చినది. స్విట్జర్లండు దేశీయుడైన వాల్టర్ హెట్టెన్‌ష్వైలర్, ఆర్మిన్ హాబ్‌తో కలసి 1954లో 'లెట్టెరా' అనే అక్షరసంపుటాన్ని ప్రకటించినాడు. అందులో 'ష్మాల్‌ఫెట్టె గ్రోటెస్క్' అనే అక్షరమొకటి ఉన్నది. పేరుకు అర్థం 'ఇరుకైన బొద్దు గ్రోటెస్క్' అని మాత్రమే. జర్మనుల పేర్లలో ఇట్టి నిరాడంబరత కద్దు. అందులో మొదట ఉన్నవి పెద్ద అక్షరాలే. 1959లో పుట్టిన 'ట్వెన్' అనే జర్మను మాసపత్రికలో విల్లీ ఫ్లెక్‌హౌస్ ఇట్టి నల్లని దిమ్మలవంటి శీర్షికలను పెద్ద ఛాయాచిత్రాల ప్రక్క, విశాలమైన తెల్లని చోటు నడుమ నిలిపి చూపినాడు. పందొమ్మిదవ శతాబ్దపు అంగడివాడి కేక ఆ పుటలలో నాగరికుని కంఠమైనది. లండనులోని ప్రకటనల కార్యాలయాలవారికి ఈ అక్షరాలమీద మోజు పుట్టుటలో వింత లేదు.

జెఫ్రీ లీ ఆ మోజులోనుండి వచ్చినవాడే. కాని ఆయన అనుకరణతో తృప్తిపడలేదు. ఇచ్చిన పరిమాణంలో కాగితంమీద వీలైనంత సిరా పడవలె, చిన్న అక్షరాలు వీలైనంత ఎత్తు పెరుగవలె అన్నది ఆయన తనకు తాను పెట్టుకొన్న షరతు. వినుటకు ఇది మొరటుగా ఉన్నది. ఆచరణలో అది ఎంత సున్నితమైన పనియో తెలియుటకు టైపు కొలతల మర్మం కొంత తెలియవలె.

'ఇన్ని పాయింట్ల టైపు' అన్నప్పుడు ఆ కొలత అక్షరానిది కాదు, దానిని మోసే లోహపు దిమ్మది. అంగుళానికి ఇంచుమించు 72 పాయింట్లు. 72 పాయింట్ల దిమ్మపై ఉన్న అక్షరం అంగుళం ఎత్తు ఉండదు. ఇంగ్లీషు చిన్న అక్షరాలలో 'బి', 'డి', 'ఎల్' వంటివాటికి పైకి కొమ్ములు, 'పి', 'వై', 'జి' వంటివాటికి క్రిందికి తోకలు ఉన్నవి. వాటికి చోటు వదలగా నడుమ మిగిలినదే అసలు అక్షరం ఎత్తు. పుస్తకపు టైపులలో కొమ్ములూ తోకలూ పొడవుగా ఉంటేనే అందం; మాట ఆకారాన్ని కన్ను వాటివలననే పోల్చుకొంటుంది. లీ ఆ కొమ్ములను కురచ చేసినాడు, తోకలను అంతకన్న కురచ చేసినాడు. అక్కడ మిగిల్చిన చోటునంతా నడుమకు ఇచ్చినాడు. ఫలితంగా ఇంపాక్ట్‌లో చిన్న అక్షరం పెద్ద అక్షరం తలను అందుకోవచ్చినట్లు ఉంటుంది. పెద్ద అక్షరాలు మాత్రమే ఉన్న శీర్షికలలో లేని ఒక చలనం, ఒక మాటకారితనం దీనివలన వచ్చినది. ఇంపాక్ట్‌లో లీ ప్రతిభ ఎక్కడ ఉన్నదని అడిగితే ఈ చిన్న అక్షరాలలో ఉన్నదనియే చెప్పవలె.

రెండవ రహస్యం నలుపుది కాదు, తెలుపుది. ఇంగ్లీషు 'ఓ' అక్షరాన్ని తీసికొందాం. ఇంపాక్ట్‌లో అది సున్న కాదు. ప్రక్కప్రక్కన నిలిచిన రెండు బొద్దు స్తంభాలు. పైనా క్రిందా గుండ్రని మూలలు. నడుమ సన్నని సందు. ఆ సందు స్తంభంకన్న సన్నం. అది ఇంకొంచెం సన్నమైతే పూడిపోయి అక్షరం నల్లని ఇటుక అవుతుంది. కొంచెం వెడల్పైతే బిగువు సడలుతుంది. 'సీ', 'డీ', 'క్యూ' అన్నిటికీ ఇదే ఎముకల గూడు. అక్షరానికీ అక్షరానికీ మధ్య వదలిన ఎడం కూడ లోపలి సందుతో సరితూగవలె. అప్పుడే నలుపు, తెలుపు, నలుపు, తెలుపు అని కిటికీ ఊచలవలె మాటంతా ఒక లయలో నిలుస్తుంది. ఎడం ఎక్కువైతే ఊచ విరిగినట్లుంటుంది.

అడ్డుగీతల చిక్కు వేరు. 'ఈ' అనే చిన్న అక్షరంలో పైనుండి క్రిందికి మూడు అడ్డుగీతలు, వాటి నడుమ రెండు సందులు ఉన్నవి. నిలువు స్తంభమంత లావుతో మూడు అడ్డుగీతలు గీస్తే సందులకు చోటే ఉండదు. కాబట్టి అడ్డుగీతలు సన్నబడవలె. సన్నబడినవని మాత్రం కంటికి తెలియరాదు. 'ఎస్'లో కథ మరీ జటిలం. నడుమ ఏటవాలుగా దిగే గీతను ఎంత లావు ఉంచవలెనో కొలబద్ద చెప్పదు, కన్ను చెప్పవలె. 'ఎమ్', 'డబ్ల్యూ' వంటివి ఇరుకు ఇంట్లో పెద్ద సంసారాలు. స్తంభాలు ఎక్కువ, చోటు తక్కువ. వాటికై అన్ని స్తంభాలనూ కొంత చిక్కించి, చిక్కినవని ఎవరూ కనిపెట్టకుండా సర్దవలె.

పాంటోగ్రాఫు అనర్థమని పైన అన్నది ఇదే. వెడల్పు అక్షరాన్ని యంత్రంతో ఇరువైపులనుండి నొక్కితే నిలువు స్తంభాలు సన్నబడుతవి, అడ్డుగీతలు లావుగానే ఉండిపోతవి. కావలసినది సరిగా దీనికి తలక్రిందులు. నొక్కిన అక్షరం వేరు, ఇరుకుగా గీసిన అక్షరం వేరు. నొక్కినది ఊపిరాడనట్లు ఉంటుంది. గీసినది నిటారుగా నిలుస్తుంది. నేటి కంప్యూటరులో ఒక్క మీటతో అక్షరాన్ని నొక్కగలిగే వారందరూ ఈ భేదాన్ని గమనిస్తే వీధులలోని బోర్డులు కొంత బాగుపడేవి.

ఇంపాక్ట్ అందమైన అక్షరమా అంటే, కాదు. దానికి హెట్టెన్‌ష్వైలర్ అక్షరంలోని నిక్కచ్చితనం లేదు; మూలలు కొంత మెత్తన, మొత్తంమీద కొంత మోటు. ప్రకటనల మనిషి గీసిన అక్షరం అది. ఆయనకు కావలసినది దూరంనుండి పలుకుట. ఆ పనిని అది సందేహానికి తావు లేకుండా చేసినది.

అయితే సంత విడిచే వేళకు అంగడి తెరచినట్లయినది. 1965 నాటికి సీసపు అక్షరానికి కాలం చెల్లుతున్నది. లెట్రాసెట్ అనే కంపెనీ పలుచని రేకుమీద అక్షరాలను అచ్చువేసి, కాగితంమీద పెట్టి రుద్దితే అంటుకొనేటట్లు చేసి అమ్ముతున్నది. దానికై ఫ్రెడ్ లాంబర్ట్ గీసిన 'కాంపాక్టా' అనే బొద్దు ఇరుకు అక్షరం 1963లోనే వచ్చినది. మరొకవైపు ఛాయాచిత్రపద్ధతిలో అక్షరాలు కూర్చే యంత్రాలు ప్రబలినవి. 1966లో మాథ్యూ కార్టర్ ఆ పద్ధతికై 'హెల్వెటికా కంప్రెస్డ్' గీసినాడు. ఈ క్రొత్త పద్ధతులలో అక్షరాలను ఎంత దగ్గరగానైనా జరుపవచ్చు. ఒకదానిపై ఒకటి ఎక్కించనూ వచ్చు. సీసపు అక్షరానికి దిమ్మ అంచు అడ్డు. దానిని దాటి జరుగలేదు. అక్షరాలు అతుక్కొని ఉండుటయే నాగరికమైన ఆ దశాబ్దంలో ఈ అడ్డు చిన్నది కాదు. స్టీఫెన్సన్ బ్లేక్ పోతపోసిన చివరి ముఖ్యమైన లోహాక్షరాలలో ఇంపాక్ట్ ఒకటి. ఆ సంస్థ మాత్రికలూ పనిముట్లూ చాల భాగం 1990 దశకంలో లండనులోని టైప్ మ్యూజియముకు చేరినవి. అక్షరం హక్కులు చేతులు మారి చివరకు మోనోటైప్ సంస్థకు వచ్చినవి.

కథ ఇక్కడ ముగిసినా ఆశ్చర్యపడవలసినది లేదు. వందలకొలది పోస్టరు అక్షరాలు ఇట్లే పుట్టి, ఒక దశాబ్దం కేకవేసి, మ్యూజియముకు చేరినవి. ఇంపాక్ట్‌కు మాత్రం రెండవ జన్మ వచ్చినది. 1996లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఇంటర్నెట్టు పుటలకై కొన్ని అక్షరాలను ఎన్నిక చేసి ఎవరైనా ఉచితంగా తీసికొనవచ్చునని ప్రకటించినది. అన్ని కంప్యూటర్లలో ఒకే అక్షరాలు ఉంటే, పుటను గీసినవాడు చూచినదే చదివేవాడూ చూస్తాడన్నది వారి ఆలోచన. చదువుటకు కార్టర్ గీసిన 'వర్దనా', 'జార్జియా', కేకవేయుటకు ఇంపాక్ట్. 2002లో ఆ ఉచితపు పంపకాన్ని నిలిపివేసినారు గాని, అప్పటికి అది లోకమంతటా వ్యాపించినది. 1998 నాటి విండోస్‌తో మొదలై ప్రతి విండోస్‌లోనూ చేరిపోయినది.

రెండు మూడు మాటలకై పుట్టిన అక్షరం, దాని ధర్మమేమిటో చెప్పేవారు లేకుండా కోట్ల మంది చేతిలో పడినది. కార్యాలయపు నోటీసులు, పెండ్లిపిలుపులు, పాఠశాల ప్రదర్శనల అట్టలు, చివరకు పేరాలకు పేరాలు ఆ అక్షరంలో కూర్చినారు. చిన్న పరిమాణంలో ఆ సన్నని సందులు పూడిపోయి పంక్తి అంతా నల్లని చార అవుతుంది. తప్పు అక్షరానిదని చదువరులు విసుగుకొన్నారు.

తరువాత వచ్చినవి మీములు. 'మీమ్' అన్న మాటను 1976లో రిచర్డ్ డాకిన్స్ అనే జీవశాస్త్రజ్ఞుడు 'ది సెల్ఫిష్ జీన్' అనే గ్రంథంలో సృష్టించినాడు. మనిషినుండి మనిషికి అనుకరణవలన ప్రాకే భావానికి అది పేరు. ఇంటర్నెట్టు దానిని పట్టుకొని, బొమ్మమీద చమత్కారపు మాటలు వ్రాసి పంచుకొనే ఆటకు అంటగట్టినది. 2007లో పిల్లుల బొమ్మలతో 'ఐ కెన్ హాజ్ చీజ్‌బర్గర్' అనే వేదిక మొదలైనప్పటికి ఈ ఆటకు ఒక వ్యాకరణం ఏర్పడుతున్నది. బొమ్మ పైభాగాన ఒక పంక్తి, అది ఎత్తుగడ. క్రింది భాగాన మరొక పంక్తి, అది కొసమెరుపు. అక్షరం ఇంపాక్ట్, రంగు తెలుపు, చుట్టూ నల్లని అంచు.

ఈ వ్యాకరణాన్ని ఏ పండితుడూ నిర్ణయించలేదు. అవసరమే నిర్ణయించినది. బొమ్మ వెలుగుగా ఉన్నదో చీకటిగా ఉన్నదో ముందు తెలియదు. తెల్లని అక్షరం చీకటిపై కనబడుతుంది, నల్లని అంచు దానిని వెలుగుపై కాపాడుతుంది. సన్నని అక్షరానికి అంచు కట్టితే అంచే అక్షరాన్ని మ్రింగివేస్తుంది. బొద్దు అక్షరం దానిని భరిస్తుంది. ఇరుకు అక్షరం కాబట్టి వాక్యమంతా బొమ్మ వెడల్పులో ఇముడుతుంది. అన్నిటికన్న ముఖ్యం, అది అప్పటికే కంప్యూటరులో ఉన్నది, వెదకి తేనక్కరలేదు. పందొమ్మిదవ శతాబ్దంలో గోడ వెడల్పు పెట్టిన పరీక్షనే ఇరువదియొకటవ శతాబ్దంలో బొమ్మ వెడల్పు పెట్టినది. సమాధానం కూడ అదే వచ్చినది.

ఇందులో జెఫ్రీ లీ కళకు ఒక అన్యాయం జరిగినది. మీములలో దాదాపు అన్ని మాటలనూ పెద్ద అక్షరాలలోనే వ్రాసినారు. ఆయన ఏ చిన్న అక్షరాల ఎత్తుకై కొమ్ములూ తోకలూ కత్తిరించి, సందు సందునూ తూచి గీసినాడో, ఆ చిన్న అక్షరాలను లోకం ముట్టుకొనలేదు. వీణ కొని, దాని దండెను మాత్రం వాడుకొన్నట్లు.

అంతకన్న పెద్ద మార్పు స్వరంలో వచ్చినది. ఏండ్ల తరబడి పిల్లి బొమ్మలమీద పలికిన అక్షరం గంభీరంగా పలుకజాలదు. ఒక దుర్ఘటన వార్తకు ఇంపాక్ట్‌లో పతాకశీర్షిక పెట్టదలచిన సంపాదకుడు, చదువరి పెదవులమీద అనుకోకుండా చిరునవ్వు వస్తుందేమోనని జంకవలసి ఉంటుంది. గీతలో ఒక వెంట్రుకవాసి మారలేదు. 1965లో ఉన్న స్తంభాలే, ఆ సందులే. దానిని పలికించినవారు మారినారు. 2010 దశకం నడిమినుండి మీములు కూడ ఇతర అక్షరాలవైపు తిరిగినవి. బొమ్మపైన తెల్లని పట్టీ, దానిలో సాధారణమైన నల్లని అక్షరాలు. దానితో ఇంపాక్ట్‌లో వ్రాసిన హాస్యం ఒక తరం నాటి పాతబట్టల వాసన వేయసాగినది. కేక ఒకటి, నవ్వు ఒకటి, ఇప్పుడు జ్ఞాపకం ఒకటి. ఒక్క అక్షరం అరువదేండ్లలో మూడు స్వరాలు పలికినది.

తెలుగువారికి ఈ అక్షరంతో సంబంధమేమి? ఇంపాక్ట్‌లో తెలుగు అక్షరాలు లేవు. బ్రహ్మానందం ముఖకవళికలు లేనిదే తెలుగు మీమ్ లేదన్నంతగా ఆ ఆట ఇక్కడ వర్ధిల్లినా, అందులోని తెలుగు మాటలకు వేరే అక్షరాలనే వెదకవలసి వచ్చినది. బొద్దుగా ఇరుకుగా ఉండే తెలుగు శీర్షికాక్షరం మాత్రం ఇక్కడి పత్రికలకూ, సినిమా పోస్టర్లకూ నిత్యావసరం. లీ చేసిన పనిని తెలుగులో చేయబూనినవానికి ఎదురయ్యే చిక్కులు చూస్తే ఆయన సమస్య సులభమనిపిస్తుంది.

లీ కొమ్ములనూ తోకలనూ కత్తిరించినాడు. తెలుగులో పైన ఉన్నది తలకట్టు, గుడి, ఏత్వం. క్రింద ఉన్నది వత్తు. ఇంగ్లీషు 'బి' కొమ్ము కురచయైనా 'బి'యే. తెలుగులో గుడి చితికిపోతే 'కి' అన్నది 'క' అవుతుంది. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరానికి నడుమ సకారం, పైన గుడిదీర్ఘం, అడుగున తావత్తు, దానిని చుట్టుకొని క్రావడి. మూడు అంతస్తుల మేడ అది. ఏ అంతస్తునూ ఎత్తు తగ్గించుటకు వీలు లేదు. కాబట్టి తెలుగు శీర్షికలో పంక్తికీ పంక్తికీ మధ్య ఎడం వదలక తప్పదు. ఇంపాక్ట్‌కు ప్రాణమైన ఆ గోడవంటి బిగువు ఆ ఎడంలో జారిపోతుంది.

వెడల్పులో కూడ అంతే. ఇంగ్లీషు 'ఓ'ను రెండు స్తంభాలు చేయవచ్చు. గుండ్రనితనమే రూపమైన తెలుగు అక్షరాన్ని స్తంభాలు చేస్తే అది తెలుగుగా మిగలదు. 'య', 'ఘ', 'ఝ' వంటివి వరుసగా వంపులు తిరిగి చోటు ఆక్రమిస్తవి. వాటి ప్రక్కన 'ర', 'గ' సన్నగా నిలుస్తవి. అన్నిటినీ ఒకే ఇరుకులో పెట్టితే పెద్దవాటికి ఊపిరాడదు, చిన్నవాటికి చలి వేస్తుంది.

పత్రికాలయాలలో ఈ చిక్కునకు చాలకాలం దొరికిన విరుగుడు, ఉన్న అక్షరాన్ని కంప్యూటరులో నొక్కివేయుట. పాంటోగ్రాఫు చేసిన తప్పే మరల జరిగినది: నిలువులు చిక్కినవి, అడ్డులు బలిసినవి, వత్తులు నేలకు అంటుకొన్నవి. క్రమంగా శీర్షికలకై ప్రత్యేకంగా గీసిన అక్షరాలు వచ్చినవి. సిలికాన్ ఆంధ్ర సంస్థ ఉచితంగా అందించిన 'రామభద్ర' అట్టిది. పురుషోత్ కుమార్ గుత్తుల గీసిన ఆ బొద్దు అక్షరం పెద్ద పరిమాణాలకే ఉద్దేశించినది. 2022లో ముంబయిలోని ఏక్ టైప్ సంస్థ 'అనేక్' అనే అక్షరకుటుంబాన్ని పది లిపులలో వెలువరించినది. అందులో తెలుగు ఒకటి. సన్నదనంనుండి బొద్దుదనం వరకు, ఇరుకునుండి వెడల్పు వరకు ఆ అక్షరం క్రమంగా మారగలదు. ఇరుకు చివర ఉన్న బొద్దు రూపం నొక్కి చేసినది కాదు, గీసినది.

తెలుగులో ఈ పని ఎక్కడ నెగ్గినదో ఎక్కడ ఓడినదో తెలిసికొనుటకు ఒక సులువైన ఉపాయమున్నది. ఆదివారపు అనుబంధంలో నిత్యం కనబడే 'కథ' అన్న మాటను ఆ బొద్దు ఇరుకు అక్షరాలలో వ్రాసి, కాగితాన్ని గోడకు అంటించి, పది అడుగులు వెనుకకు జరిగి చూడవలె. థకారం పొట్టలోని చుక్క చుట్టూ సన్నని తెలుపు నిలిచి ఉంటే అది 'కథ'. ఆ తెలుపు పూడిపోతే దూరంనుండి చూచేవానికి అది 'థ'యో 'ధ'యో తెలియదు.